రిజర్వాయర్ మీద విహార పడవకు జెండా: ఏది కట్టాలి, ఎలా కట్టాలి, ఎప్పుడు దించాలి

నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్‌లో, సోమశిల దగ్గర, డిండిలో, కోయిల్‌సాగర్‌లో సొంత చిన్న పడవ దించేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది: వెనుక ఏ జెండా కట్టాలి? ఇష్టమైన జెండా, ఇష్టమైన సైజులో కట్టేస్తే సరిపోదు. పడవ ఎక్కడ, ఏ చట్టం కింద రిజిస్టరైందన్నదే దాని జెండాను నిర్ణయిస్తుంది. అది తేలాక సైజు, గుడ్డ, కర్ర, కట్టే తీరు వరసగా చూసుకోవచ్చు. ఇక్కడ చెప్పేదంతా మూడు నుంచి ఏడు మీటర్ల పొడవుండే ఫైబర్ పడవలు, గాలి నింపే రబ్బరు పడవలు, తెరచాప పడవలు, కయాక్‌లు, పుట్టిల కోసం.

1. కొనేముందు పడవ కాగితాలు తీయండి

ఇంజన్‌తో నడిచి నదులు, రిజర్వాయర్లలోనే తిరిగే పడవలకు వర్తించేది ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం, 2021. రిజిస్ట్రేషన్, సర్వే (పడవ భద్రత తనిఖీ) దాని కిందే జరుగుతాయి. సముద్రంలోకి వెళ్లి, భారతీయ నౌకగా రిజిస్టరైన వాటికి మర్చంట్ షిప్పింగ్ చట్టం ఉంది. మీ పడవ ఈ రెంటిలో ఎటువైపుందో కాగితంలోనే తెలుస్తుంది. కయాక్, పుట్టి లాంటివి చాలావరకు రెంటికీ బయటే ఉంటాయి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పడవను గుర్తుపట్టేది జెండాతో కాదు, పక్కన రాసిన రిజిస్ట్రేషన్ నంబరుతో. పెయింట్ వెలిసి నంబరు కనిపించకుండా పోయిన పడవకు కొత్త జెండా కొనడం కంటే ముందు ఆ నంబరు మళ్లీ రాయించండి. సాగర్, సోమశిల వైపు కృష్ణా నది ఒడ్డు చాలా దూరం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌ను ఆనుకుని ఉంటుంది. అటు దించే పనైతే అటవీ శాఖ అనుమతి సంగతి కూడా ముందే తేల్చుకోండి.

2. ఏ జెండా మీది, ఏది కాదు

ఎన్‌సైన్ అంటే పడవ ఏ దేశానిదో చెప్పే జెండా. అది వెనుక భాగాన ఎగురుతుంది. మన దేశంలో అవి మూడు రంగుల్లో ఉన్నాయి. మూడింటిలోనూ కర్ర వైపు పై మూలలో త్రివర్ణ పతాకం ఉంటుంది.

ఎర్ర ఎన్‌సైన్: భారతీయ నౌకగా రిజిస్టరైన పౌర, వాణిజ్య నౌకలది. మీ పడవ కాగితం మర్చంట్ షిప్పింగ్ చట్టం కిందిదైతే మీ జెండా ఇదే.

నీలం ఎన్‌సైన్: ప్రభుత్వ నౌకలు, కోస్ట్ గార్డ్ వాడేవి. సొంత పడవకు వద్దు.

తెల్ల ఎన్‌సైన్: నౌకాదళానిది. 2022 సెప్టెంబరు 2న వచ్చిన కొత్త రూపంలో నీలం అష్టభుజి ఉంటుంది. ఎంత అందంగా ఉన్నా విహార పడవ మీద ఇది కనిపించకూడదు.

మరి త్రివర్ణ పతాకాన్నే నేరుగా కడితే? ఎక్కువమంది చేసేది ఇదే, పొరపాటు జరిగేదీ ఇక్కడే. ఫ్లాగ్ కోడ్ ఆఫ్ ఇండియా, 2002 రెండో భాగం వాహనాల మీద జాతీయ జెండా ఎగరేయడాన్ని మూడో భాగం తొమ్మిదో సెక్షన్‌కు పరిమితం చేసింది. ఆ సెక్షన్ చెప్పేది రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, గవర్నర్లు, మంత్రులు లాంటి పదవుల్లో ఉన్నవారి కార్ల గురించి. విహార పడవకు అందులో చోటు లేదు. పడవ పైకప్పు మీద, పక్కల, వెనుక జెండాను కప్పడమైతే నేరుగా నిషిద్ధం. 1971 నాటి జాతీయ గౌరవ అవమాన నిరోధక చట్టంలో పడవ పేరు చెప్పి మరీ రాశారు. కావాలని నీళ్లలో ఈడ్వడం కూడా అదే చట్టం కింద నేరం. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

అందుకే మా సలహా సూటిగా ఇది: రిజర్వాయర్‌లోనే తిరిగే సొంత పడవ మీద త్రివర్ణ పతాకం కట్టకండి, దాన్ని గట్టు మీద నిటారు కర్రకు ఎగరేయండి. పడవకు క్లబ్బు జెండా కానీ, దూరం నుంచి కనిపించే హెచ్చరిక జెండా కానీ చాలు. ఏ జెండా లేకుండా తిరిగినా తప్పేం లేదు.

కయాక్, పుట్టి వాడేవాళ్లకు హెచ్చరిక జెండా నిజంగా ప్రాణం కాపాడే వస్తువు. నీటి మట్టానికి అంత దగ్గరగా కూర్చున్న మనిషి ఎదురెండలో లాంచీ నడిపేవారికి కనిపించడు. 1.2 నుంచి 1.5 మీటర్ల సన్నని ఫైబర్ కడ్డీకి 30 × 20 సెంటీమీటర్ల త్రికోణం గుడ్డ, మెరిసే నారింజ లేదా చిలకపచ్చ రంగులో కట్టండి. ఎరుపు వద్దు, అంతర్జాతీయ సంకేతాల్లో ఉత్త ఎర్ర జెండా ప్రమాదకర సరుకుకు గుర్తు.

3. సైజు లెక్క

పాత లెక్క అడుగుకు అంగుళం. పడవ పొడవు ఎన్ని అడుగులో జెండా పొడవు అన్ని అంగుళాలు. మీటర్లలో అయితే పడవ పొడవును ఎనిమిదితో గుణిస్తే జెండా పొడవు సెంటీమీటర్లలో వస్తుంది. 3.5 మీటర్ల గాలి పడవకు 28, 5.5 మీటర్ల ఫైబర్ పడవకు 44, 7 మీటర్లకు 56.

బజారులో సరిగ్గా ఆ సైజు దొరకదు. దగ్గరలో ఉన్న చిన్న సైజు తీసుకోండి, పెద్దదానికి పోవద్దు. 5.5 నుంచి 7 మీటర్ల పడవలకు 45 × 30 సరిపోతుంది. దుకాణాల్లో తేలిగ్గా దొరికే 90 × 60 జెండా పదకొండు మీటర్ల పడవకు తగినది. దాన్ని ఐదు మీటర్ల పడవకు కడితే గాలి పడిపోగానే మోటారు మీద వాలుతుంది, తర్వాత ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది.

4. గుడ్డ, కుట్టు, రింగులు

ఫ్లాగ్ కోడ్‌కు 2021 డిసెంబరు 30న చేసిన సవరణ తర్వాత జాతీయ జెండాను పాలిస్టర్‌తో, మిల్లు గుడ్డతో కూడా చేయొచ్చు. గట్టు మీద ఎగరేసే త్రివర్ణ పతాకానికి ఖాదీ చాలా బాగుంటుంది. పడవ మీద ఏ జెండాకైనా పాలిస్టరే మేలు. ఖాదీ తడిస్తే బరువెక్కి కర్రకు అతుక్కుంటుంది, ఆరడానికి సగం రోజు పడుతుంది. నైలాన్ తేలిక, చిన్న గాలికే ఎగురుతుంది, కానీ మన ఎండకు త్వరగా వెలుస్తుంది. మూడేళ్లు పాత జెండాలు చూస్తే తెలుస్తుంది, ముందుగా పోయేది ఎరుపు.

కొనేటప్పుడు చేతిలోకి తీసుకుని చూడాల్సినవి:

☐ గాలికి కొట్టుకునే అంచున కనీసం మూడు, కుదిరితే నాలుగు వరసల కుట్టు ఉందా? చినుగు మొదలయ్యేది అక్కడే.
☐ కర్ర వైపు అంచుకు మందపాటి కాన్వాస్ పట్టీ ఉందా? ఉత్త గుడ్డకు రింగు కొడితే అది ఊడిపోతుంది.
☐ రింగులు ఇత్తడివా, స్టీలువా? అయస్కాంతం పెట్టండి. గట్టిగా అతుక్కుంటే ఇనుము, తుప్పు మరక ఖాయం.
☐ తడిపిన తెల్ల గుడ్డతో ఎరుపు మీద గట్టిగా రుద్దితే రంగు అంటుతోందా? అంటితే మొదటి వానకే పై మూల తెలుపు గులాబీ రంగుకు మారుతుంది.
☐ ఎర్ర ఎన్‌సైన్ అయితే మూలలోని త్రివర్ణంలో కేసరి పైన ఉందా? చక్రం గుండ్రంగా, రెండు వైపులా అచ్చయి ఉందా? ఆకులు ఇరవై నాలుగేనా? లెక్కపెట్టండి. చవక అచ్చుల్లో ఆకులు తగ్గుతాయి, చక్రం కోడిగుడ్డులా సాగుతుంది.

5. కర్ర, సాకెట్, వంపు

ఈ పనిలో సగం సమయం ఇక్కడే పెట్టాలి. మంచి జెండా కొని, పాత చీపురు కర్రకు కట్టి, దాన్ని సీటు సందులో దూర్చితే పెట్టిన డబ్బంతా వృథా.

*ఎత్తు.* గాలి లేనప్పుడు జెండా కిందికి వేలాడుతుంది. అప్పుడు పై రింగు నుంచి కింది కొస వరకు దూరం జెండా మూల నుంచి మూలకు ఉన్న కొలతే. 45 × 30 జెండాకు అది 54 సెంటీమీటర్లు. కర్ర సాకెట్ (కర్రను దించే గొట్టం) పైన 75 సెంటీమీటర్లు ఉంటే కింద ఇరవై సెంటీమీటర్ల దాకా ఖాళీ మిగులుతుంది. అంతకంటే పొట్టి కర్ర పెడితే జెండా పడవ అంచును రాసుకుంటూ, అల వచ్చినప్పుడల్లా తడుస్తుంది. నలుగురు వెనుక కూర్చుంటే పడవ వెనుక భాగం ఇంకా దిగుతుందని మరవద్దు. ఖాళీ పడవ మీద కొలిస్తే లెక్క తప్పుతుంది.

*చోటు.* నిజానికి వెనుక పలక మధ్యలో ఉండాలి. మోటారు అక్కడే ఉంటుంది కాబట్టి వెనుక కుడి మూల వాడతారు. 1.6 మీటర్ల వెడల్పు పడవలో మూల నుంచి మోటారు మధ్యకు 80 సెంటీమీటర్లు వస్తుంది. 45 సెంటీమీటర్ల జెండా ఎటు తిరిగినా అంతదూరం చేరదు. చేతి హ్యాండిల్‌తో తిప్పే మోటారైతే నడిపేవారు సాధారణంగా కుడి పక్కనే కూర్చుంటారు. జెండా మొహానికి కొడుతుంటే మొహమాటం లేకుండా ఎడమ మూలకు మార్చండి. సంప్రదాయం కంటే నడిపేవారి చూపు ముఖ్యం.

*వంపు.* కర్రను వెనక్కి 15 నుంచి 20 డిగ్రీలు వంచండి. నిటారుగా పెడితే గాలి లేనప్పుడు గుడ్డంతా కర్రకు చుట్టుకుంటుంది. సోమశిల దగ్గర కొండల మధ్య గాలి దిశ మార్చి మార్చి కొడుతుంది కాబట్టి అక్కడ ఈ వంపు మరీ అవసరం.

*బిగింపు.* 19 మిల్లీమీటర్ల స్టీలు పైపు కానీ, 25 మిల్లీమీటర్ల టేకు కర్ర కానీ తీసుకోండి. సాకెట్ లోతు పది సెంటీమీటర్లకు తగ్గకూడదు. అడుగున చిన్న బెజ్జం ఉండాలి, లేకపోతే నీళ్లు నిలిచి కర్ర ఉబ్బుతుంది, ఇక బయటికి రాదు. ఫైబర్ పడవకు స్క్రూలు చాలవు. బెజ్జాలు కొట్టి, లోపలి వైపు 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క పెట్టి, నాలుగు స్టెయిన్‌లెస్ బోల్టులు వెడల్పు వాషర్లతో బిగించండి. బెజ్జం లోపలంతా సీలెంట్ పూయండి. గాలి పడవల రబ్బరుకు ఎక్కడా బెజ్జం వద్దు, మోటారు తగిలించే చెక్క పలకకే క్లాంప్ వేయండి.

ఇంకోటి: వెనుక తెల్ల దీపం ఎక్కడుందో చూడండి. వేలాడే జెండా దానికి అడ్డం వస్తే పొద్దుగుంకాక వెనుక నుంచి వచ్చే లాంచీకి మీ పడవ కనిపించదు.

6. కట్టడం, ఎగరేయడం, దించడం

చిన్న కర్రకు గిలక అక్కర్లేదు. పైన ఒక కన్ను, కింద ఒక కన్ను ఉండి, స్టీలు క్లిప్పులు ఉంటే చాలు. తాడే వాడితే 4 మిల్లీమీటర్ల అల్లిక పాలిస్టర్ తాడు తీసుకోండి. సుతిలి తడిస్తే బిగుసుకుని ముడి విప్పడానికి రాదు.

ఎర్ర ఎన్‌సైన్ ఎగరేసే వరస:

☐ మూలలోని త్రివర్ణంలో కేసరి పైకి ఉందని చూసుకున్నాకే క్లిప్పు వేయండి.
☐ ముందు పై రింగు, తర్వాత కింది రింగు. దించేటప్పుడు ముందు కిందిది. అప్పుడు గుడ్డ చేతిలోనే ఉంటుంది, గాలికి లేచి నీళ్లలో పడదు.
☐ కింది క్లిప్పు కొద్దిగా లాగి ఉండాలి. వదులుగా ఉంటే పై రింగు మీదే బరువంతా పడి పట్టీ చినుగుతుంది.
☐ ఎగరేసేది వేగంగా, దించేది నెమ్మదిగా.

పొద్దున ఎనిమిదికి ఎగరేసి, సూర్యాస్తమయానికి దించడం పడవల ఆచారం. 2022 జులై సవరణతో పౌరులు బహిరంగ ప్రదేశంలో, ఇంటి మీద త్రివర్ణ పతాకాన్ని రాత్రి కూడా ఎగరేయొచ్చు. అయినా పడవ మీద ఏ జెండానైనా సాయంత్రం దించండి. కాపలా లేకుండా రేవులో కట్టేసిన పడవ మీద రాత్రంతా కొట్టుకుంటే అది నెలలోపే పీలికలవుతుంది.

ట్రైలర్ మీద పడవను తెచ్చేటప్పుడు జెండా తీసి లోపల పెట్టాల్సిందే. హైదరాబాద్ నుంచి ఇబ్రహీంపట్నం, మాల్, పెద్దవూర మీదుగా సాగర్ చేరేసరికి హైవే గాలికి అంచు కుట్లు ఊడిపోతాయి.

తెరచాప పడవలు పందెంలో ఉన్నప్పుడు ఎన్‌సైన్ కట్టవు. అవనతం (సంతాపంగా జెండాను సగం దాకా దించడం) సంగతి ప్రభుత్వ ఉత్తర్వుతోనే, ఎవరికి వారు నిర్ణయించేది కాదు. సముద్రంలో వాణిజ్య నౌకలు యుద్ధనౌకకు ఎన్‌సైన్ కొద్దిగా దించి వందనం చేస్తాయి. త్రివర్ణ పతాకాన్ని మాత్రం ఎవరికీ, దేనికీ అలా దించకూడదు.

7. రెండు మూడు జెండాలు ఉంటే

ఒక కర్రకు ఒకటే జెండా. వెనుక భాగం గౌరవ స్థానం, అది ఎన్‌సైన్‌ది. క్లబ్బు జెండా ముందు కొనకో, తెరచాప స్తంభం మీదికో పోవాలి. పార్టీ కండువా, సినిమా హీరో జెండా, కులం జెండా, దేవుడి జెండా ఏదైనా సరే, ఎన్‌సైన్ కర్రకు దాంతోపాటు కట్టకూడదు.

వినాయక నిమజ్జనానికి, జాతరకు పడవను అలంకరిస్తారు. అప్పుడు రంగు కాగితాలు, మామిడి తోరణాలు, బంతిపూలు ఎన్నైనా కట్టండి. చిన్న చిన్న త్రివర్ణ పతాకాలను తోరణంలా గుచ్చడం మాత్రం ఫ్లాగ్ కోడ్ ఒప్పుకోదు.

8. తరచుగా జరిగే తప్పులు, వాటి సవరణ

*జెండా కర్రకు చుట్టుకుపోతోంది.* వంపు చాలలేదు. సాకెట్ కింద చీలిక చెక్క పెట్టి ఐదు డిగ్రీలు పెంచండి. అప్పటికీ ఆగకపోతే గిరగిర తిరిగే క్లిప్పులు వేయండి.

*కాన్వాస్ పట్టీ రింగు దగ్గర చినిగింది.* కేబుల్ టైతో బిగించి ఉంటారు. ప్లాస్టిక్ అంచు కత్తిలా కోస్తుంది. జెండా పాడయ్యేలా కట్టకూడదన్నది ఫ్లాగ్ కోడ్ మాట కూడా. క్లిప్పుకు మారండి.

*అంచు దారాలు లేచాయి.* క్లబ్బు జెండా, హెచ్చరిక జెండా అయితే ఒక సెంటీమీటరు కత్తిరించి మళ్లీ మడిచి కుట్టించండి. త్రివర్ణం ఉన్న జెండాను కత్తిరించొద్దు, కొలతల నిష్పత్తి పోతుంది. త్రివర్ణ పతాకం ఎప్పుడూ 3:2లోనే ఉండాలి. చినిగితే కొత్తది కొనడమే.

*ఆపదలో తలకిందులుగా కట్టాలని విన్నాం.* వద్దు. కేసరి కిందికి వచ్చేలా కావాలని ఎగరేయడం మన చట్టం కింద నేరం, పైగా దూరం నుంచి చూసేవారికి తేడా తెలియదు. ఆపదలో రెండు చేతులూ పక్కలకు చాచి నెమ్మదిగా పైకి కిందికి ఊపండి. ఇది అంతర్జాతీయంగా గుర్తింపు ఉన్న సంకేతం. నల్ల చదరం, నల్ల గుండ్రం ఉన్న నారింజ గుడ్డ ఒకటి లైఫ్ జాకెట్ల సంచిలోనే పెట్టుకోండి.

9. ఆగస్టు 15న, జనవరి 26న గట్టు మీద

నీటి మట్టం మారుతూ ఉంటుంది కాబట్టి కర్రను నీటి అంచున పాతొద్దు. ఆగస్టులో పైనుంచి వరద వస్తే పొద్దున పొడిగా ఉన్న చోటు మధ్యాహ్నానికి మునగొచ్చు. గట్టు మీద గట్టి నేలలో, 90 × 60 జెండాకు కనీసం మూడు మీటర్ల కర్ర నిటారుగా పాతండి. కర్ర కొసన పూలదండ, కలశం లాంటివేవీ వద్దు. జెండా మడతలో పూరేకులు పెట్టి విప్పడానికి మాత్రం కోడ్‌లో అభ్యంతరం లేదు. పడవలు దాని ముందు నుంచి వరసగా వెళ్లొచ్చు, చూడటానికి కూడా అదే బాగుంటుంది.

10. కడగడం, మడవడం, పాతబడితే

రిజర్వాయర్ నీటిలోని సన్నని ఒండ్రు కుట్లలో చేరి దారాన్ని కోస్తుంది. తిరిగొచ్చిన ప్రతిసారీ జెండాను మంచినీళ్లలో జాడించి నీడన ఆరేయండి. తడిగా మడిస్తే మూడు రోజుల్లో నల్ల బూజు చుక్కలు పడతాయి, అవి పోవు. బ్లీచింగ్ వద్దు.

త్రివర్ణ పతాకాన్ని మడిచే తీరు: ఇద్దరు అడ్డంగా పట్టుకోండి. కేసరి పట్టీని, ఆకుపచ్చ పట్టీని తెల్ల పట్టీ కిందికి మడవండి. తర్వాత తెల్ల పట్టీని రెండు పక్కల నుంచి లోపలికి మడుస్తూ వస్తే పైన అశోక చక్రం, దాని చుట్టూ కొద్దిగా కేసరి, ఆకుపచ్చ మాత్రమే కనిపిస్తాయి. అరచేతుల మీద పెట్టుకుని తీసుకెళ్లి పొడి పెట్టెలో దాచండి.

చినిగిన, వెలిసిన త్రివర్ణ పతాకాన్ని కృష్ణలో వదలకండి. పూజ సామగ్రిని నదిలో కలిపే అలవాటుతో, గౌరవంగానే అనుకుని, కొందరు అలా చేస్తారు. అది నీళ్లలో ఈడ్చుకుపోయి ఏ వలలోనో, ఏ ప్రొపెల్లర్‌కో చిక్కుతుంది. జెండాను ముక్కలు చేయకుండా, మొత్తంగా, నలుగురి కంట పడకుండా కాల్చడం ఫ్లాగ్ కోడ్ చెప్పిన పద్ధతి. మూలలో త్రివర్ణం ఉంది కాబట్టి ఎర్ర ఎన్‌సైన్‌నూ అలాగే చూడండి. పాలిస్టర్ కరిగి చుక్కలుగా కారుతుంది, పొగ ఘాటుగా ఉంటుంది. ఆరుబయట, మట్టి నేల మీద, గాలికి ఎదురుగా నిలబడకుండా కాల్చి, చల్లారాక బూడిదను మట్టిలో పూడ్చండి.